మీటరు ఇంటిది, వేడి వీధిది

కరెంటు బిల్లు మీద ఒక్కరి పేరే ఉంటుంది. నెలలో ఎన్ని యూనిట్లు కాలినా ఆ పేరు కిందే పడతాయి. కరెంటు పొదుపు గురించి మనం వినే హితవంతా ఈ కాగితాన్ని పట్టుకునే నడుస్తుంది: గది విడిచిపోతే లైటు తీసేయాలి, ఏసీ 24 మీద పెట్టుకోవాలి, పాత ఫ్రిజ్ మార్చుకోవాలి. మతం చెప్పే మాట కూడా ఇంచుమించు ఇదే దారిలో ఉంటుంది. అవసరానికి మించి వాడకు, అపరిగ్రహం పాటించు, భోగానికి హద్దు పెట్టుకో. వాడేవాడు ఒకడున్నాడు, వాడకం అతని చేతిలో ఉంది, కాబట్టి దాని మంచిచెడ్డలు అతనివే అన్న నమ్మకం రెంటికీ ఉమ్మడి పునాది. మక్తల్ లాంటి ఊళ్లో, మే నెలలో, ఈ పునాది ఎంత గట్టిదన్నది ఇక్కడి ప్రశ్న. అది పైకి కనిపించేంత గట్టిది కాదని నా వాదన. ఇల్లు ఎంత కరెంటు వాడుతుందో చాలామటుకు వీధి పొందికే తేలుస్తుంది. వీధి ఒక్కరు చేసిన పని కాదు. అందువల్ల ఇంధనం విషయంలో ధర్మమనేది ఒకటుంటే, దాన్ని ఇంటి యజమాని ఒక్కడి నెత్తినే పెట్టి ఊరుకోవడం అన్యాయం.

ముందు ఎండ సంగతి. మక్తల్ మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి రాయచూరు పోయే దారిలో ఉంది. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడేదాకా మహబూబ్‌నగర్ కిందే ఉండేది. అక్షాంశం సుమారు పదహారున్నర డిగ్రీలు. అంటే మే మొదటి వారంలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ కాళ్ల కిందికే పోతుంది. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఎండకాలంలో దక్షిణపు గోడ మీద పడే ఎండ బహు తక్కువ. కప్పు మీద పడేది అన్నిటికన్నా ఎక్కువ, దాని తర్వాత తూర్పు పడమర గోడలు. వీటిలో పడమటి గోడ మరీ చెడ్డది. గాలి అప్పటికే వేడెక్కి ఉన్న నాలుగు గంటల వేళ దాని మీద ఏటవాలు ఎండ నేరుగా కొడుతుంది. సజ్జ నడినెత్తి ఎండను ఆపగలదు గానీ ఏటవాలు ఎండను ఆపలేదు. ఈ పీఠభూమి ఊళ్లలో పాత మిద్దె ఇంటికి రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, దూలాల మీద వాసాలు పరిచి పైన మట్టి తొక్కిన కప్పు ఉండేవి. పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రయ్యేది, అప్పటికి మనుషులు అరుగు మీదనో మిద్దె మీదనో పడుకునేవాళ్లు. సిమెంటు స్లాబు ఆ వేడిని పొద్దుగూకినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా పడకగదిలోకే దించుతుంది.

ఇంతవరకు ఇంటి కథే. అసలు సంగతి పాత ఇల్లు ఒంటరిగా నిలబడకపోవడంలో ఉంది. పాత గల్లీలో పక్కింటి గోడా మన గోడా ఒకటే, లేదా ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. నాలుగు గోడల్లో రెండు ఎండ ముఖమే చూసేవి కావు. గల్లీ ఇరుకు కాబట్టి ఎదురిల్లు మన వాకిట్లోకి నీడ పంపేది. ఇప్పుడు ఊరి చివర హైవే పక్కన వెలిసే వెంచర్లలో ప్రతి ఇల్లూ దేనికది విడిగా నిలబడుతుంది. నాలుగు గోడలూ బయటికే, రోడ్డు 30 అడుగులో 40 అడుగులో, దాని మీద నల్లటి తారో తెల్లటి సీసీనో. పైగా వెంచరు గీత గీసేవాడికి ఒకే లెక్క తెలుసు: తూర్పు ముఖం ప్లాటుకు గిరాకీ. తూర్పు ముఖాలు ఎక్కువ రావాలంటే రోడ్లు ఉత్తర దక్షిణాలుగా పోవాలి. రోడ్లు అలా పోతే ఇళ్ల ముఖాలూ వీపులూ తూర్పు పడమరలే అవుతాయి, ఎండకాలపు ఎండ సరిగ్గా అక్కడే కొడుతుంది. రోడ్లు తూర్పు పడమరలుగా వేసి ఇళ్లను పక్కపక్కన ఆనిస్తే ఆ రెండు చెడ్డ గోడలూ ఒకదాని చాటున ఒకటి దాగేవి. ఇక్కడ ఒక తమాషా ఉంది. వాస్తు ప్రకారం అందరూ తూర్పున ఎక్కువ జాగా వదిలి పడమటి హద్దు దాకా కట్టుకుపోతారు. పక్కపక్క ఇళ్ల వరుస తూర్పు పడమరలుగా ఉన్నచోట, నా పడమటి గోడకు నీడ ఇచ్చేది పడమటి పొరుగువాడి ఇల్లే. అతను రెండంతస్తులు లేపితే నాకు చల్లదనం, జాగా ఖాళీగా ఉంచితే నాకు ఎండ. నా గోడ వేడి నా వాస్తులో లేదు, అతని అంతస్తుల్లో ఉంది.

ఇక రెండిళ్ల నడుమ మిగిలే ఆ మూడు నాలుగడుగుల సందును చూడాలి. ఎవరూ నడవని, ఎవరూ ఊడవని జాగా అది. ఒకవైపు కిటికీకి ఇనుప స్టాండు మీద కూలర్ వేలాడుతుంటుంది, దాని మూడు పక్కలా తడి గడ్డి. కూలర్ బయటి గాలిని లోపలికి లాగి, నీళ్లు ఆవిరి చేసి చల్లబరుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు గాలి పొడిగా ఉంటుంది గనక ఇది ఈ నేలకు దొరికిన వరమే. 200 వాట్ల మోటారు రోజుకు పది గంటలు తిరిగినా రెండు యూనిట్లే, నెలకు 60. ఇప్పుడు అదే సందులోకి పొరుగింటివాళ్లు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ బిగించారనుకుందాం. వాళ్ల పడకగదిలోంచి తోడిన వేడి, దానికి తోడు కంప్రెసర్ వేడి, సందులోకే పోతుంది. కూలర్ లాగేది ఆ గాలినే. దానికి తోడు సందులో తడిగాలి చేరి ఆగిపోయిందంటే ఆవిరి పట్టదు, గది జిగటగా మారుతుంది, పిల్లలు రాత్రంతా నిద్రపోరు. మరుసటి ఏడు వీళ్లూ ఏసీ కొంటారు. టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే రోజుకు ఎనిమిది, పది యూనిట్లు అవుతాయి. ఈ కొత్త ఏసీ వేడి మూడో ఇంటి కూలర్‌ను పాడు చేస్తుంది. అలా వరుసంతా. ఇందులో ఎవరూ దుబారా చేయలేదు, ఎవరిమీదా కక్ష లేదు, అందరూ నిద్ర కోసమే తంటాలు పడ్డారు. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. 201వ యూనిట్ కాలితే మొత్తం కట్టాలి. 2022 నాటి టారిఫ్ ప్రకారం అది వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ గీతకు ఇవతల ఉండాలా అవతలికి పోవాలా అన్నది పొరుగువాడు అవుట్‌డోర్ యూనిట్ ఏ గోడకు బిగించాడన్న దాని మీద ఆధారపడటం ఏ నీతి లెక్కకూ అందని సంగతి.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి బయటి దేశాల కొలతలున్నాయి. అమెరికాలో ఫీనిక్స్ నగరం మీద 2014లో వచ్చిన అధ్యయనం, ఏసీలు వదిలే వేడి వల్లే కొన్ని చోట్ల రాత్రి గాలి ఒక డిగ్రీ సెల్సియస్‌కు పైగా వేడెక్కుతోందని లెక్కగట్టింది. శాక్రమెంటోలో 460 ఇళ్ల బిల్లులు పరిశీలించిన డొనోవన్, బ్యూట్రీ 2009లో ఇంటికి పడమర, దక్షిణ దిక్కుల చెట్లు ఎండకాలపు కరెంటును 5 శాతం దాకా తగ్గించాయని, ఉత్తరాన ఉన్న చెట్లు కొద్దిగా పెంచాయని చూపారు. టొరంటో మీద 2006లో చేసిన లెక్కలో విడివిడి ఇళ్ల శివారులో తలసరి ఇంధనం నగర మధ్యభాగంతో పోలిస్తే రెండు, రెండున్నర రెట్లు. ప్రయాణాలు కూడా కలిపిన లెక్క ఇది. కానీ అదే లెక్కను మనిషికి బదులు ఇంటి వైశాల్యానికి కడితే తేడా ఒకటి, ఒకటిన్నర రెట్లకు పడిపోయింది. అంటే శివారు బిల్లు పెరగడానికి ఇల్లు పెద్దదవడం కూడా ఒక కారణం. టొరంటోది చలి బాధ, మనది ఎండ బాధ. అక్కడ ఇళ్లు దగ్గరగా ఉంటే వెచ్చదనం మిగులుతుంది. ఇక్కడ గాలి ఆడకుండా ఇళ్లను కుక్కితే రాత్రి వేడి పోదు. అందుకే ఇరుకే మంచిదని చెప్పబోవడం లేదు. వీధి పొందిక బిల్లును మారుస్తుంది, ఎటు మారుస్తుందన్నది ఆ నేలను బట్టి ఉంటుంది.

ఇక తత్త్వం దగ్గరికి. కర్మ సిద్ధాంతాన్ని సమర్థించే మన దార్శనికులు ఎదుటివాడి మతంలో వెతికే రెండు దోషాలున్నాయి: కృతనాశం, అకృతాభ్యాగమం. చేసినవాడికి ఫలం దక్కకుండా పోవడం మొదటిది, చేయనివాడి మీదికి ఫలం వచ్చిపడటం రెండోది. ఏ లోకవ్యవస్థ ఈ రెంటికీ తావిచ్చినా అది న్యాయమైనది కాదని వాళ్ల తీర్పు. మీటరు లెక్కను ఈ గీటురాయి మీద పెడితే రెండు దోషాలూ బయటపడతాయి. వాకిట్లో వేపచెట్టు పెంచిన ఇల్లాలి పుణ్యం పక్కింటి పడమటి గోడకు చేరుతుంది, ఆమె బిల్లులో దాని జాడ ఉండదు. తీగలకు తగులుతోందని ఆ చెట్టు కొమ్మలు కొట్టించినవాళ్ల పని పొరుగింటి మీటరులో నమోదవుతుంది. వెంచరు గీసినవాడు ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోతాడు. అతని గీత ఫలాన్ని 50 ఏళ్ల పాటు అక్కడ కాపురముండేవాళ్లు అనుభవిస్తారు, అదీ తమ అలవాట్ల దోషమనుకుంటూ. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది. అధిష్ఠానం, కర్త, రకరకాల సాధనాలు, వేర్వేరు ప్రయత్నాలు, దైవం. ఇన్ని ఉండగా తాను ఒక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడటం లేదని కూడా అంటుంది. అధిష్ఠానమంటే శరీరమని శంకరుల వ్యాఖ్యానం. దాన్ని వీధి దాకా సాగదీయడం నా చొరవే, ఆచార్యులకు అంటగట్టను. కానీ పని ఆధారపడి నిలిచే చోటు కర్తకన్నా ముందు లెక్కలోకి వచ్చిందన్నది గమనించదగ్గ సంగతి. ఉక్క రాత్రి స్విచ్ వేసే చెయ్యి కర్తే. వేడెక్కిన గోడ, గాలి ఆడని సందు, నీడ లేని రోడ్డు ఆ పనికి అధిష్ఠానాలు.

మన ఆచారం మాత్రం దీనికి ఎదురు నడిచింది. శిల్పశాస్త్ర గ్రంథమైన మానసారం ఇంటి కొలతలతో పాటు ఊరి పొందికలను కూడా వివరిస్తుంది: దండకం, సర్వతోభద్రం, నంద్యావర్తం, పద్మకం, స్వస్తికం వగైరా ఎనిమిది రకాలు. ఊరు ఎలా ఉండాలన్నదీ వాస్తులో భాగమే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంటి చుట్టూ ఏ దిక్కున ఏ చెట్టు మంచిదో చెబుతూ పడమర రావిని మెచ్చుకున్నాడు. ఆయన కరెంటు బిల్లు తగ్గించడానికి రాశాడని చెప్పే పిచ్చి నాకు లేదు. పాత గ్రంథాల్లో కొత్త విజ్ఞానాన్ని వెతికి తెచ్చే అలవాటు గ్రంథానికీ విజ్ఞానానికీ రెంటికీ చేటే. నేను చూపేది ఇంతవరకే: ఒకప్పుడు ఊరు, చెట్టు, దారి అన్నీ ఉన్న శాస్త్రం ఇవాళ ప్లాటు హద్దులోకి కుంచించుకుపోయి ఈశాన్యం మూల, సింహద్వారం, వంటగది దగ్గర ఆగిపోయింది. పిలిచిన సిద్ధాంతి ప్లాటు చూసి వెళతాడు, రోడ్డు వైపు చూడడు, వీధిపోటు ఉందా అని చూడటానికి తప్ప. అదీ ఆ ఒక్క ఇంటికి వచ్చే కీడు కోసమే. మక్తల్ ఊరికి పేరు తెచ్చిన స్వామి పడమటి ఆంజనేయుడు. పడమర ముఖంగా ఉన్న దేవుడికి శనివారం మొక్కి వచ్చిన మనిషే తూర్పు ముఖం ప్లాటుకు గజానికి ఎక్కువ పెడతాడు. భక్తిని తప్పు పట్టడం లేదు. దిక్కు గురించిన పట్టింపు ఎవరికి వారు విడిగా పాటిస్తే వీధికంతటికీ ఏం జరుగుతుందో ఎవరూ ఆలోచించలేదన్నదే నా ఫిర్యాదు.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. కర్తలు ఇందరైతే బాధ్యత ఎవరికీ ఉండదు, ప్రతివాడూ వీధిని చూపించి ఏసీ 18 మీద పెట్టుకుంటాడు అన్నది మొదటిది. ఐదు కారణాలు చెప్పిన గ్రంథమే కర్తను ఆ జాబితాలోంచి తీసేయలేదు, ఐదింటిలో ఒకటిగా ఉంచింది. సంయమం అక్కర్లేదని నేననను. ఒక్క మనిషి నిగ్రహానికి అందే భాగం ఎంతో, అందనిది ఎంతో వేరు చేయమంటున్నాను. నిగ్రహంతో ఆపలేని దాన్ని నిగ్రహలోపంగా చూపిస్తే అసలు చేయాల్సినవాళ్లు, లేఅవుట్ గీసేవాళ్లు, అనుమతిచ్చే మున్సిపాలిటీ, వీధిలో నలుగురు కూచుని మాట్లాడుకోవలసిన ఇరుగుపొరుగు, అందరూ తప్పించుకుంటారు. బాధ్యత అనేకమందిది అయినప్పుడు అది కరిగిపోదు. పొలాల మీదుగా పోయే కాలువ గట్టును అందరూ కలిసి కాపాడినట్టు దాన్ని కలిసే మోయాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది, దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. పాత ఊరి పొందికను మెచ్చుకునేవాడు అది ఎవరి ఊరో చెప్పాలి. గోడకు గోడ ఆనించిన ఆ చల్లని గల్లీ ఒక కులం ఇళ్ల వరుస. దళితవాడ ఊరికి బయట, వేరుగా ఉండేది. మందపాటి గోడ, అరుగు, భవంతి ఉన్నవాళ్లకే. లేనివాళ్లకు గుడిసె, తర్వాత రేకుల ఇల్లు. మే నెల మధ్యాహ్నం రేకు కప్పు కింద ఎవరూ కూర్చోలేరు. ఇక హైదరాబాద్ స్లాబుల్లో ఎన్నింటికి కాంక్రీటు మోసింది వలసపోయిన పాలమూరు కూలీల నెత్తులో లెక్క లేదు. ఆ స్లాబు కింద చల్లగా పడుకునే యోగం వాళ్లకు దక్కలేదు. ఈ అభ్యంతరం పూర్తిగా నిజం. పాత గల్లీని తిరిగి కట్టమనే వాదన ఇక్కడే చచ్చిపోతుంది, చావాలి కూడా. అయితే ఇది నా వాదనను పడగొట్టదు, పదును పెడుతుంది. నీడ, గాలి, నీళ్లు ఎవరికి దక్కాలన్నది వీధి గీతలోనే నిర్ణయమైపోయిందని వాడ చరిత్రే సాక్ష్యం. అప్పుడు ఆ గీత గీసింది కులం, ఇప్పుడు గీస్తున్నది గజం ధర. రెండుసార్లూ అది నీతికి సంబంధించిన నిర్ణయమే, రెండుసార్లూ దాన్ని ప్రకృతిలాగా, తలరాతలాగా చెలామణీ చేశారు. జూరాల కింద, సంగంబండ, భూత్పూరు జలాశయాల కింద ఈ చుట్టుపక్కల మునిగిన ఇళ్లకు బదులు గీతలు గీసి వేసిన కాలనీలను చూసేటప్పుడు కూడా ఇదే అడగాలి: ఇంటికి పరిహారం లెక్క తేలింది సరే, వీధికి తేలిందా? ఇందిరమ్మ ఇళ్లకు ఇప్పుడు ఐదు లక్షలిస్తున్నారు. అదీ ఇల్లును చూసి ఇచ్చేదే.

మూడోది నేటి ప్రభుత్వాల జవాబు. కప్పు మీద సోలార్ పెట్టుకుంటే గొడవే లేదంటారు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మంచిదే. కృష్ణ దాటగానే శక్తినగర్‌లో 1,720 మెగావాట్ల రాయచూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలున్న నేల ఇది. బొగ్గు తగ్గించే ఏ పనీ చిన్నది కాదు. కానీ ఆ పలకలు కూడా వీధిలోనే బతకాలి. దక్షిణపు పొరుగువాడు మూడో అంతస్తు లేపితే చలికాలమంతా వాటి మీద నీడే. కప్పులకు తెల్లరంగు వేసే కూల్ రూఫ్ విధానాన్ని 2023లో తెలంగాణ తెచ్చింది, 2028 కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడాలని లక్ష్యం. నాకు నచ్చిన విధానమిది. ఎండ ఎక్కువగా కొట్టేది కప్పు మీదే గనక గురి సరైన చోటే ఉంది, కప్పు తెల్లబడితే ఆ ఇంటితో పాటు దాని పైనున్న వీధి గాలికీ ఊరటే. అయినా ఇల్లు కట్టుకునేవాడికి తప్పనిసరి అయ్యేది ప్లాటు 600 గజాలు దాటితేనే. మక్తల్ లాంటి చిన్న ఊళ్లో అంత ప్లాటులో ఇల్లు కట్టేవాళ్లు ఎందరు?

పొరుగువాడి గాలి మీద మనకు హక్కుందా అన్నది చివరి ప్రశ్న, దీనికి ఈ గల్లీల్లోనే ఉన్న మరో సంప్రదాయం తడుముకోకుండా జవాబిస్తుంది. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ ఇహ్యా ఉలూముద్దీన్‌లో పొరుగువాడి హక్కులు ఏకరువు పెడుతూ, అతని అనుమతి లేకుండా అతనికి గాలి ఆడకుండా ఇల్లు ఎత్తుగా కట్టకూడదని ప్రవక్త మాటగా చేరుస్తాడు. ఇంత చిన్న, ఇంత ఖచ్చితమైన ధర్మసూత్రం మన వాస్తు పుస్తకాల కొట్లో దొరకడం కష్టం. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కూడా 20 ఏళ్లు అడ్డు లేకుండా కిటికీలోంచి వచ్చిన వెలుతురుకూ గాలికీ హక్కు పుడుతుందంటుంది. అయితే ఖాళీ జాగాకు వచ్చే గాలికి అలాంటి హక్కు పుట్టదని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అంటే కిటికీ గాలికి రక్షణ ఉంది, వాకిట్లో మంచం వేసుకునే గాలికి లేదు. కిటికీ మూసి ఏసీ పెట్టుకున్నవాడికి ఆ రక్షణతో పనిలేదు, వాకిట్లో పడుకునేవాడికి అందే రక్షణ లేదు. మున్సిపాలిటీలో ఇవాళ 600 గజాల లోపు ప్లాటుకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. టీజీబీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం తెచ్చిన వెసులుబాటు ఇది, లంచాలూ తిరుగుడూ తగ్గించింది, దాన్ని వెనక్కి తీసుకోమనడం తెలివితక్కువ. ఇల్లు కట్టేటప్పుడు అడగలేని మాట లేఅవుట్ మంజూరు చేసేటప్పుడు అడగవచ్చు: రోడ్లు ఏ దిక్కుగా పోతున్నాయి, మే నెల సాయంత్రం నాలుగు గంటలకు నడిచే దారి మీద నీడ ఎక్కడ పడుతుంది, పడమటి చివరి వరుసకు చెట్లు ఎవరు పెడతారు, ఏసీ వేడి రోడ్డు వైపుకా సందులోకా. పార్కు జాగా ఎంతో, రోడ్డు వెడల్పు ఎంతో ఎలాగూ చూస్తున్నారు. ఈ నాలుగు మాటలు ఆ దరఖాస్తులో చేర్చడానికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు, కాసింత స్థలం చాలు.